యూరప్‌ను రైల్లో చుట్టి రావడం ఎలా: విజయవాడ, గుంటూరు కుటుంబాల కోసం

వేసవి సెలవులు దగ్గరపడేసరికి విజయవాడ, గుంటూరుల నుంచి అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "యూరైల్ పాస్ ఒకటి కొనేస్తే యూరప్ అంతా రైల్లో తిరిగి రావచ్చా?" తిరిగి రావచ్చు. అయితే పాస్ కొనడం ఈ పనిలో మొదటి మెట్టు కాదు, ఐదో మెట్టు. మన సిటీ బస్సు పాస్ బస్సెక్కనిస్తుందే తప్ప సీటు చూపించదు. పలు దేశాల రైళ్ళలో చెల్లే యూరైల్ పాస్ కూడా అంతే. కొన్ని దేశాల్లో పాస్ చూపించి నేరుగా బండెక్కవచ్చు. మరికొన్ని దేశాల్లో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు వేరుగా డబ్బు కట్టాలి, పైగా పాస్ ఉన్నవారికి కేటాయించే సీట్లు తక్కువగా ఉంటాయి. ఈ ఒక్క సంగతి తెలియక ముందుగా పాస్ కొని, ఆ తరువాత సీట్లు దొరకక ఇబ్బంది పడేవారే ఎక్కువ. అందుకే కింది మెట్లను ఇచ్చిన వరుసలోనే అనుసరించమని గట్టిగా చెబుతున్నాను.

దగ్గర ఉంచుకోవలసినవి

ప్రయాణించే ప్రతి ఒక్కరికీ పాస్‌పోర్టు ఉండాలి. అది గత పదేళ్ళలోపు జారీ అయినదై, మీరు షెంగెన్ దేశాలు (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) విడిచే తేదీ తరువాత కనీసం మూడు నెలలు చెల్లుబాటులో ఉండి, రెండు ఖాళీ పేజీలు కలిగి ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు రక్షణనిచ్చే ప్రయాణ బీమా, విదేశాల్లో పనిచేసే ఫారెక్స్ కార్డు, ఇంటర్నెట్ ఉన్న స్మార్ట్‌ఫోను, దానికొక పవర్ బ్యాంకు అవసరం. పాస్ ఫోనులోనే ఉంటుంది కాబట్టి ఛార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క. వీటికి తోడు, మీరు స్వయంగా మోయగలిగిన బరువుకు మించని పెట్టె ఒక్కొక్కరికి ఒకటి.

1. పటం మీద దారి గీయండి

రెండు వారాలకు ఐదారు ఊళ్ళు చాలు. అంతకు మించితే పెట్టెలు సర్దడంతోనే సెలవు గడిచిపోతుంది. ఉదాహరణకు ఈ దారి చూడండి: పారిస్‌లో 3 రాత్రులు, స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో 3, మిలాన్‌లో 1, వెనిస్‌లో 2, వియన్నాలో 3, ప్రాగ్‌లో 2, ఆ తరువాత ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి తిరుగు విమానం. వచ్చిన ఊరి నుంచే తిరిగి వెళ్ళాలన్న నియమం పెట్టుకోకండి. పారిస్‌లో దిగి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కితే, ఒక రోజంతా వెనక్కి ప్రయాణించే శ్రమ తప్పుతుంది.

ఈ దారిలో లూసెర్న్ నుంచి మిలాన్‌కు నేరుగా వెళ్ళే మార్గం కంటే కూర్, తిరానోల మీదుగా వెళ్ళేదానినే నేను సిఫారసు చేస్తాను. ఈ దారిలో తూసిస్ నుంచి తిరానో వరకు ఉన్న అల్బులా–బెర్నినా రైలు మార్గాన్ని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ బండి 2,253 మీటర్ల ఎత్తున ఉన్న ఓస్పిత్సియో బెర్నినా స్టేషన్ దాటి, మంచుకొండల నుంచి ద్రాక్షతోటల్లోకి దిగి, చివరకు తిరానో ఊరి వీధిలో చర్చి ముందునుంచి కార్ల పక్కనే నడుస్తుంది. పెద్ద అద్దాలున్న బెర్నినా ఎక్స్‌ప్రెస్‌కు రిజర్వేషన్ తప్పనిసరి. అదే పట్టాల మీద నడిచే మామూలు ప్రాంతీయ బండికి పాస్ ఒక్కటే చాలు, పైగా దాని కిటికీల్లో కొన్ని తెరుచుకుంటాయి కాబట్టి ఫొటోలు బాగా వస్తాయి. దారిలో ఒకచోట బండి మారవలసి వస్తుంది. కూర్ నుంచి వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చుంటే లాండ్‌వాసర్ రాతి వంతెన వంపు తిరుగుతూ సొరంగంలోకి చొచ్చుకుపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. ఇది తెల్లవారి మొదలుపెట్టి సాయంత్రానికి ముగిసే ప్రయాణం. పిల్లలుంటే తినడానికి సరిపడా దగ్గర పెట్టుకోండి.

2. ప్రయాణ దినాలు లెక్కపెట్టండి

పాస్ ధర మీరు ఎన్ని ఊళ్ళు చూశారన్న దానిని బట్టి కాక, ఎన్ని రోజులు రైలెక్కారన్న దానిని బట్టి ఉంటుంది. 33 దేశాల్లో చెల్లే గ్లోబల్ పాస్‌లో ఒక నెలలో 4, 5 లేదా 7 ప్రయాణ దినాలు, రెండు నెలల్లో 10 లేదా 15 ప్రయాణ దినాలు వాడుకునే రకాలు ఉన్నాయి. రోజూ వాడుకునే రకాలు కూడా ఉన్నా, సెలవు మీద వెళ్ళే కుటుంబానికి వాటి అవసరం చాలా అరుదు. ప్రయాణ దినం అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. ఆ రోజున ఎన్ని బండ్లయినా ఎక్కవచ్చు. రాత్రి బండి అయితే ఎక్కిన రోజు ఒక్కటే లెక్కలోకి వస్తుంది, కాకపోతే తెల్లవారాక మరో బండి ఎక్కితే అది కొత్త దినం అవుతుంది.

పై దారిలో ఆరు ప్రయాణ దినాలు వచ్చాయి: పారిస్–లూసెర్న్, లూసెర్న్–మిలాన్, మిలాన్–వెనిస్, వెనిస్–వియన్నా, వియన్నా–ప్రాగ్, ప్రాగ్–ఫ్రాంక్‌ఫర్ట్. ఆరు దినాల పాస్ లేదు కాబట్టి రెండు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ఏడు దినాల పాస్ కొని మిగిలిన దినాన్ని లూసెర్న్ చుట్టుపక్కల తిరగడానికి వాడుకోవచ్చు, లేదా ఐదు దినాల పాస్ కొని వీటిలో చవకైన మిలాన్–వెనిస్ టికెట్‌ను విడిగా కొనుక్కోవచ్చు.

ఇక్కడే మరో లెక్క తప్పక చేయాలి. ప్రతి ప్రయాణానికి విడి టికెట్ ధర ఆయా దేశాల రైల్వే సైట్లలో చూసి మొత్తం కట్టండి. మరోవైపు పాస్ ధరకు రిజర్వేషన్ ఖర్చులు కలిపి మొత్తం కట్టండి. రెండు మూడు నెలల ముందే తేదీలు ఖరారు చేసుకోగలిగి, నాలుగు ప్రయాణాలకు మించని వారికి విడి టికెట్లే చవక అవుతాయి. పాస్ లాభించేది దూరప్రయాణాలు ఎక్కువగా ఉన్నవారికి, చివరి నిమిషంలో మనసు మార్చుకునే వెసులుబాటు కావలసినవారికి, నాలుగు నుంచి పదకొండేళ్ళ పిల్లలున్నవారికి. ఆ వయసు పిల్లలకు, ఒక్కో పెద్దవారి వెంట ఇద్దరి వరకు, పాస్ ఉచితం. ఉచితమైనా పిల్లల పాస్‌ను పెద్దల పాస్‌తో పాటే ఆర్డరులో చేర్చాలి. వారి సీటుకు రిజర్వేషన్ రుసుము మామూలుగానే ఉంటుంది. 27 ఏళ్ళ వరకు యువతకు, 60 ఏళ్ళు నిండినవారికి కూడా తగ్గింపు ఉంది. రెండో తరగతి చాలు, మొదటి తరగతికి డబ్బు పెట్టనవసరం లేదు.

3. రిజర్వేషన్ ఎక్కడ తప్పనిసరో చూడండి

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్, బెల్జియంలలో దేశంలోపల తిరిగే పగటి బండ్లలో చాలావాటికి రిజర్వేషన్ అవసరం లేదు. ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా, స్పెయిన్‌లో ఏవీఈ అనే హైస్పీడ్ బండ్లు, లండన్–పారిస్ యూరోస్టార్, దాదాపు అన్ని రాత్రి బండ్లు మాత్రం రిజర్వేషన్ లేనిదే ఎక్కనివ్వవు. ఇక్కడ వెయిటింగ్ లిస్టు లేదు, ఆర్‌ఏసీ లేదు, తత్కాల్ లేదు. సీటు లేకపోతే లేనట్టే.

పారిస్ నుంచి, లూసెర్న్ దారిలో ఉన్న బాసెల్‌కు వెళ్ళే టీజీవీలో పాస్ ఉన్నవారికి ఇచ్చే సీట్లు త్వరగా అయిపోతాయి. అలా జరిగితే దిగులు పడనవసరం లేదు. పారిస్ ఈస్ట్ స్టేషన్ (గార్ ద లెస్ట్) నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు మరో టీజీవీలో వెళ్ళి, అక్కడి నుంచి రిజర్వేషన్ అక్కరలేని ప్రాంతీయ బండిలో బాసెల్ చేరవచ్చు. అసలు ఈ తలనొప్పే వద్దనుకునేవారు పారిస్‌ను వదిలి ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో మొదలుపెట్టి, రైను నది వెంబడి స్విట్జర్లాండ్‌కు దిగవచ్చు. తల్లిదండ్రులను వెంటబెట్టుకుని తొలిసారి వెళ్ళేవారికి నేను ఈ దారినే సూచిస్తాను.

4. వీసా

షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేసి తీరాలి. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు 45 యూరోలు. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము దీనికి అదనం. వేలిముద్రలకు హైదరాబాద్ వెళ్ళాలి కాబట్టి కుటుంబమంతటికీ ఒకే రోజు అపాయింట్‌మెంట్ దొరికేలా చూసుకోండి.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్న దగ్గరే చాలామంది తప్పుతారు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. మన ఉదాహరణలో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ, ఆస్ట్రియా నాలుగింటిలోనూ మూడేసి రాత్రులే కాబట్టి ఫ్రాన్స్‌కు చేయాలి. లూసెర్న్‌లో ఒక్క రాత్రి పెంచినా దరఖాస్తు స్విట్జర్లాండ్‌కు మారుతుంది. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది, కనుక అదే వీసా చెల్లుతుంది. లండన్ వెళ్ళాలంటే మాత్రం బ్రిటన్ వీసా వేరుగా తీసుకోవాలి.

వీసా చేతికి రాకముందు రద్దుకు వీలులేని టికెట్లు, గదులు కొనకండి.

5. పాస్ కొనండి, పేరు జాగ్రత్త

మనవారికి యూరైల్ పాస్, యూరప్‌లో నివసించేవారికి ఇంటర్‌రైల్ పాస్. జర్మనీలో ఉన్న అబ్బాయి ఇంటర్‌రైల్ చవకగా వచ్చిందని మీకోసం కొని పంపితే అది చెల్లదు. కొన్న తరువాత 11 నెలల్లోపు ఎప్పుడైనా పాస్‌ను వాడుకలోకి తేవచ్చు కాబట్టి తొందర లేదు. వాడుకలోకి తేని పాస్‌ను కొంత కోతతో వెనక్కి తీసుకుంటారు, అయితే తగ్గింపు ధరకు అమ్మే వాటికి ఆ వెసులుబాటు ఉండకపోవచ్చు. కొనే ముందు షరతులు చదవండి.

మన తెలుగువారికి అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా, ఆధార్‌లో పేరుకు వెనకగా, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి సర్‌నేమ్ గడిలో ఉండడం మన ఇళ్ళలో మామూలే. యూరైల్ ఆర్డరులో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టుగా, సర్‌నేమ్ గడిలోనిది సర్‌నేమ్‌గా, గివెన్ నేమ్ గడిలోనిది పేరుగా రాయండి. యూరైల్ వారి రైల్ ప్లానర్ యాప్‌లో పాస్ తెరవడానికి అడిగేది సర్‌నేమ్, పాస్ నంబరు మాత్రమే కాబట్టి ఇక్కడ తప్పు రాస్తే ఆ గడప దగ్గరే ఆగిపోతారు. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. అటువంటివారు వీసాకు వెళ్ళేలోపే విజయవాడ పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా దానిని సవరించుకోవడం మంచిది.

6. రిజర్వేషన్లు, ఆ తరువాత యాప్

వీసా రాగానే ముందుగా టీజీవీ, రాత్రి బండ్ల సీట్లు, ఆ తరువాత ఇటలీ బండ్లు, చివరగా ఐచ్ఛికమైనవి రిజర్వు చేయండి. వెనిస్–వియన్నా పగటి ప్రయాణం ఏడు గంటలకు పైగా ఉంటుంది కనుక దానికీ సీటు తీసుకోండి. ప్రతి రిజర్వేషన్‌లో తేదీ, బండి సంఖ్య, ఎక్కే స్టేషన్ మూడూ గట్టిగా చదివి సరిచూడండి.

ఫోనులో రైల్ ప్లానర్ యాప్ పెట్టుకుని ఈ వరుసలో చేయండి. మొదట పాస్ చేర్చండి. ఒక ట్రిప్ సృష్టించి పాస్‌ను దానికి జోడించండి. పాస్‌పోర్టు సంఖ్య, మొదటి రోజు తేదీ ఇచ్చి యాక్టివేట్ చేయండి; ఈ పని ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు చేస్తే చాలు, విజయవాడలో ఉండగానే చేయనవసరం లేదు. ప్రయాణం రోజున ఎక్కబోయే బండిని ట్రిప్‌లో చేర్చి, దానికి ఎదురుగా ఉన్న మీటను తిప్పితే అది పాస్‌లోకి వెళ్ళి క్యూఆర్ కోడ్ వస్తుంది. బండి కదలక ముందే ఇది పూర్తి కావాలి. కదిలాక, టీటీ కనిపించాక చేస్తే జరిమానా పడే ప్రమాదం ఉంది.

ముందుచూపు పేరుతో రెండు వారాల బండ్లన్నింటినీ ఒకేసారి పాస్‌లోకి ఎక్కించకండి. ప్రయాణం మారితే దినాలు వృథా కావచ్చు. ఏ రోజు బండి ఆ రోజు ఉదయం ఎక్కించడమే క్షేమం. యాప్ కనీసం మూడు రోజులకొకసారి ఇంటర్నెట్‌కు తగలాలి.

7. సామాను, తిండి

ఊరి నుంచి ఏది తీసుకువెళ్ళవచ్చో, ఏది తీసుకువెళ్ళకూడదో ముందే తెలుసుకోండి. పాలు, మాంసం పదార్థాలను బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు తేకూడదు. నెయ్యి సీసా, మాంసం పచ్చడి ఇంట్లోనే ఉంచండి. పచ్చి కూరగాయలకు, ఆకులకు, చాలా రకాల పండ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి కాబట్టి కరివేపాకు రెబ్బలు, నిమ్మకాయలు, బంధువులకని నూజివీడు రసాలు తీసుకువెళ్ళకండి. కందిపొడి, కారప్పొడి, గోంగూర పచ్చడి, చేగోడీలు, అటుకులు నిశ్చింతగా తీసుకువెళ్ళవచ్చు. పచ్చడిని మాత్రం చేతిసంచిలో కాక చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. రైల్లో సొంత తిండి తినడానికి అభ్యంతరం లేదు.

స్టేషన్లలో కూలీలు దాదాపు కనిపించరు. పెద్ద పెట్టెలను రైలు బోగీకి రెండు చివర్లలో ఉన్న అరల్లో పెట్టుకోవాలి. ఇల్లు దాటే ముందు పెట్టె పట్టుకుని రెండు అంతస్తుల మెట్లు ఎక్కి చూడండి. ఆయాసం వస్తే బరువు తగ్గించండి.

8. బయలుదేరడం, మొదటి రోజు

శంషాబాద్ విమానాశ్రయానికి విజయవాడ, గుంటూరుల నుంచి రైల్లో వెళ్ళేవారు, సికింద్రాబాద్ స్టేషన్ నగరానికి మరో వైపున ఉందని గుర్తుంచుకోండి. గన్నవరం నుంచి హైదరాబాద్ విమానం తీసుకుంటే రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొని, మొదటిది ఆలస్యమైతే రెండోదానికి ఎవరూ బాధ్యత వహించరు.

2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతి ప్రకారం షెంగెన్ సరిహద్దులో వేలిముద్రలు, ముఖచిత్రం తీసుకుంటున్నారు. వరుసలు పొడవుగా ఉండవచ్చు కాబట్టి దిగిన రోజునే దూరప్రయాణం పెట్టుకోకండి.

9. ప్లాట్‌ఫారం మీద

ఊరి పేర్లు స్థానిక భాషలో రాసి ఉంటాయి. వియన్నా బోర్డు మీద వీన్ అని, వెనిస్‌ను వెనేత్సియా అని, ప్రాగ్‌ను ప్రాహా అని, మ్యూనిక్‌ను మ్యున్షెన్ అని చూస్తారు. ఒకే ఊరికి పలు స్టేషన్లు ఉంటాయి: పారిస్‌లో బాసెల్ బండికి గార్ ద లియోన్, స్ట్రాస్‌బర్గ్ బండికి గార్ ద లెస్ట్. వెనిస్‌లో నీటి మధ్య ఉన్నది సాంతా లూచియా. మేస్త్రే దానికి ముందు నేల మీద ఉన్న స్టేషన్, అక్కడ దిగితే మరో బండి పట్టాలి.

ఇటలీ, ఫ్రాన్స్‌లలో ప్లాట్‌ఫారం సంఖ్య బండికి కొద్ది నిమిషాల ముందే బోర్డు మీద వస్తుంది. ఊరి పేరు చూడకుండా బండి సంఖ్య చూడండి, ఎందుకంటే బోర్డు మీద ఉండేది ఆ బండి చివరి స్టేషన్ పేరు. ప్లాట్‌ఫారాన్ని ఏ, బీ, సీ, డీ అంటూ భాగాలుగా విభజిస్తారు. మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో చూపే పటం అక్కడే ఉంటుంది. కొన్ని బండ్లు దారిలో రెండుగా విడిపోయి చెరొక ఊరికి వెళతాయి. ఎక్కే ముందు తలుపు పక్కనున్న చిన్న తెర మీద మీ ఊరి పేరు ఉందో లేదో చదవండి, కుటుంబమంతా ఒకే బోగీలో ఎక్కండి. బండి చాలాచోట్ల రెండు మూడు నిమిషాలకు మించి ఆగదు; దిగవలసిన స్టేషన్‌కు పది నిమిషాల ముందే సామాను తలుపు దగ్గరకు చేర్చండి.

10. బండి ఆలస్యమైతే

రిజర్వేషన్ అక్కరలేని బండి తప్పితే తరువాతి బండి ఎక్కండి, యాప్‌లో పాతదాన్ని తీసి కొత్తదాన్ని పాస్‌లోకి ఎక్కించండి. రిజర్వేషన్ ఉన్న బండి, ముందు బండి ఆలస్యం వల్ల తప్పిపోతే, కౌంటరుకు వెళ్ళి ఆలస్యానికి రుజువు అడిగి తీసుకుని, తరువాతి బండిలో సీటు అడగండి. స్విట్జర్లాండ్‌లో బండి మారడానికి పది నిమిషాలు సరిపోతాయి. జర్మనీలో దూరప్రాంత బండ్లు ఆలస్యమవడం ఈ మధ్య సాధారణమైంది కాబట్టి నలభై నిమిషాలైనా వ్యవధి ఉంచుకోండి.

అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడం

బయలుదేరడానికి వారం ముందు కుటుంబంలో మరొకరి చేతికి మీ కాగితాలన్నీ ఇచ్చి, దారిని మొదటి నుంచి చివరి వరకు చెప్పమనండి. ఏ రోజు ఏ స్టేషన్ నుంచి ఏ బండి అన్నది వారు తడుముకోకుండా చెప్పగలిగితే ప్రణాళిక సరిగా ఉన్నట్టు. ఆగినచోటల్లా ఒక ఖాళీ ఉందన్నమాట. గదుల తేదీలు, రిజర్వేషన్ తేదీలు, వీసాలో ఇచ్చిన తేదీలు మూడూ పక్కపక్కన రాసి పోల్చండి. అర్ధరాత్రి దాటాక చేరే విమానం దగ్గర ఒక రోజు తేడా రావడం తరచుగా కనిపించే పొరపాటు.

ప్రతి ప్రయాణం ఉదయం మూడు చూడండి: యాప్‌లో ఆ రోజు బండికి క్యూఆర్ కోడ్ వచ్చిందా, మిగిలిన ప్రయాణ దినాల సంఖ్య మీ లెక్కతో సరిపోయిందా, పాస్‌పోర్టు చేతికందేచోట ఉందా. టీటీ కోడ్ స్కాన్ చేశాక పాస్‌పోర్టు కూడా అడగవచ్చు; దానిని పైఅరలోని పెట్టెలో దాచకండి.

తిరుగు ప్రయాణం రోజున ప్రాగ్ నుంచి డ్రెస్డెన్ మీదుగా వచ్చి అదే సాయంత్రం విమానం ఎక్కే సాహసం చేయకండి. ముందు రోజే ఫ్రాంక్‌ఫర్ట్ చేరి నిద్ర చేయండి. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయానికి సొంత రైల్వే స్టేషన్లు ఉన్నాయి, నగరంలోని ప్రధాన స్టేషన్ నుంచి లోకల్ బండిలో పావుగంటలోపే చేరవచ్చు. దానికోసం పాస్‌లో ఒక దినం ఖర్చు చేయకుండా అక్కడి యంత్రంలో విడి టికెట్ కొనుక్కోండి.